మీకు తెలుసా? ఎడారి అడుగున ఏరు

ఇరాన్ నడుమ, ఎడారి అంచున ఉన్న యజ్ద్ పట్టణం శతాబ్దాల పాటు బతికింది నేల కింది సొరంగాల నీటితోనే. వాటి పేరు కనాత్. కొండ పాదాన లోతైన తల్లిబావి తవ్వి, అక్కణ్ణుంచి ఊరిదాకా అతి స్వల్ప వాలుతో సొరంగం తీస్తారు. తోడే పని లేదు, ఎండకు ఆవిరైపోయే భయమూ లేదు. పైన వరసగా కనిపించే గుంతలు మట్టి తియ్యడానికి, లోపల పనిచేసేవారికి గాలి ఆడడానికి. ఇరాన్‌లోనే ఉన్న గొనాబాద్ అనే ఊళ్లో తల్లిబావి లోతు దాదాపు 300 మీటర్లు!

నీటి పంపకం మరీ ముచ్చట. అడుగున సన్నని బెజ్జమున్న రాగి గిన్నెను నీళ్లమీద వదిలేవారు. అది నిండి మునిగితే ఒక లెక్క. ఏ రైతుకు ఎన్ని మునకల హక్కుంటే అంతసేపూ ఆ రైతు పొలానికే నీరు. 2016లో యునెస్కో 11 కనాత్‌లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.