నాలుగు కొమ్ముల కొండగొర్రె

నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో సుమారు 2,600 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో కొండగొర్రె అనే చిన్న జంతువు ఉంది. హిందీలో దీని పేరు చౌసింగా, అంటే నాలుగు కొమ్ములది. ప్రపంచంలోని అడవి క్షీరదాల్లో సహజంగా నాలుగు కొమ్ములు మొలిచేది దీనికొక్కదానికే. భారతదేశం, నేపాల్ దాటితే ఇది ఏ అడవిలోనూ కనిపించదు. ఇంత అపురూపమైన ప్రాణి మన నల్లమలలో ఉందన్న సంగతి పక్క ఊళ్లవారిలోనే చాలామందికి తెలియదు.

పేరులో గొర్రె ఉన్నా ఇది గొర్రె కాదు. దుప్పుల జాతీ కాదు. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. కొండగొర్రెవి ఎముక మీద తొడుగులా పెరిగి చచ్చేదాకా ఉంటాయి. దీనికి దగ్గరి చుట్టం మనుబోతు. అయితే మనుబోతు గుర్రమంత ఉంటే, ఇది భుజం దగ్గర రెండడుగులు మించదు, బరువు 20 కిలోలకు అటూ ఇటూ.

కొమ్ములు మగవాటికే వస్తాయి. చెవుల మధ్య లేచే వెనక జత పుట్టిన కొన్ని నెలలకే మొదలై పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. నుదుటి మీది ముందు జత ఏడాది వయసుకు గానీ రాదు, అదీ రెండు నుంచి ఐదు సెంటీమీటర్లే.

శాస్త్రీయ నామం టెట్రాసెరస్ క్వాడ్రికార్నిస్. మొదటి మాట గ్రీకు, రెండోది లాటిన్. రెండింటి అర్థమూ నాలుగు కొమ్ములనే. ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లాన్‌విల్ 1816లో లాటిన్ మాట పెడితే, 1825లో ఇంగ్లండుకు చెందిన లీచ్ గ్రీకు మాట చేర్చాడు.

కొమ్ములు లెక్కపెట్టి పెట్టిన పేరు దక్షిణాదిలో చిక్కుల్లో పడింది. ఇక్కడి మగవాటిలో ముందు కొమ్ములు తరచూ చిన్న బుడిపెలుగానే ఆగిపోతాయి, కొన్నింటికి అవీ ఉండవు. 1839లో వాల్టర్ ఇలియట్ ఈ దక్షిణాది రకానికి సబ్‌క్వాడ్రికార్నూటస్ అని పేరు పెట్టాడు, ఇంచుమించు నాలుగు కొమ్ములున్నదని దాని భావం. తెలుగు పేరుకు ఈ ఇబ్బంది లేదు. అది జంతువు ఉండే చోటును బట్టి వచ్చింది. కృష్ణజింకలు మక్తల్ వైపు బయలు చేలల్లో మందలుగా తిరుగుతాయి. కొండగొర్రె మాత్రం ఆకురాల్చే అడవిలో, గుట్టల మధ్య ఒంటరిగానో జంటగానో బతుకుతుంది.

రేగు, ఉసిరి వంటి రాలిన పండ్లు, లేత ఆకులు, గడ్డి తింటుంది. అలికిడైతే కదలకుండా నిలబడిపోయి, ప్రమాదం దగ్గరికొచ్చాక ఒక్క ఉదుటున పొదల్లోకి దూకుతుంది. అందుకే చూడటం కష్టం. కానీ పెంటికలు ఎప్పుడూ ఒకే చోట వేస్తుంది. ఆ కుప్పలే దాని జాడ చెబుతాయి. సుమారు ఎనిమిది నెలలు మోసి ఒకటి లేదా రెండు పిల్లల్ని ఈనుతుంది.

నీళ్లు లేనిదే ఇది ఉండలేదు, వాగులకు దూరం పోదు. వేసవిలో నల్లమల వాగులు ఎండితే అటవీ శాఖ నింపే సాసర్ పిట్లు అనే నీటి తొట్లే అడవి జంతువులకు ఆధారం. అడవి తరిగిపోవడం, వేట, ఊరకుక్కలు దీనికి ముప్పు. వింతైన కొమ్ముల పుర్రె కోసం చంపేవాళ్లూ ఉన్నారు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ దీన్ని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులితో పాటు కొండగొర్రె కూడా ఉంది.