రహీంగారి మూడు జట్లు

మొన్న ఆదివారం మా యింట్లో పెద్ద రభసే జరిగింది. ఆస్తి తగాదా కాదు, పెళ్ళి సంబంధం మాటా కాదు. ఫుట్‌బాల్! మా మేనమామకు ఎనభై దాటినాయి. సికిందరాబాదులో పుట్టి పెరిగినవాడు. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు.

"సునీల్ ఛెత్రీ దేశం తరఫున తొంభైకి పైగా గోల్స్ కొట్టాడు తాతయ్యా! మీ కాలంవాళ్ళలో ఒక్కడైనా అందులో సగం కొట్టాడా?" అన్నాడు వాడు.

"ఒరేయ్, మా కాలంలో ఒలింపిక్సులో నాలుగోస్థానం వచ్చింది. 1960 తర్వాత మనవాళ్ళు ఆ గడపే తొక్కలేదు గదరా!" అన్నాడాయన.

ఇద్దరూ కలిసి నన్ను తీర్పు చెప్పమన్నారు.

నేను తెలుగు చెప్పుకుని బ్రతికేవాణ్ణి. "నన్నయ గొప్పా, తిక్కన గొప్పా?" అని ఏటేటా ఎవరో ఒక విద్యార్థి అడుగుతూనే ఉంటాడు. ఇద్దరూ తెనిగించింది ఒక్క భారతాన్నే. కాని ఇద్దరి నడుమ రెండువందల ఏళ్ళున్నాయి. పద్యాలు లెక్కపెట్టి తేల్చే వ్యవహారం కాదది. ఎవరికి ఏ చిక్కు ఎదురైంది, దాన్ని ఎలా విడదీసుకున్నారు అన్నదే చూడాలి. బంతాటకూ ఆ కొలతే పెడదామని, తీర్పు వారంరోజులు వాయిదా వేశాను.

పాత సంగతులు తిరగేస్తే ఒక వింత కనిపించింది. 1951, 1956, 1962 - ఈ మూడేళ్ళలో మన దేశానికి మూడు రకాల దాడి వరుసలు ఉన్నాయి. మూడింటినీ తీర్చిదిద్దినవాడు మాత్రం ఒక్కడే. ఆయన మన హైదరాబాదువాడు, సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీంగారు వృత్తిచేత బడిపంతులు. ఉస్మానియాలో చదివాడు. ఆయన చేతికి వచ్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆటగాడు బంతిని తన కాళ్ళ దగ్గరే అట్టేపెట్టుకోవడం ఆయనకు నచ్చేది కాదు. ఒంటరిగా బంతిని తీసుకుపోకూడదనే నిబంధనతో పోటీలు పెట్టేవాడు; వాటం లేని కాలితోనే ఆడాలనే పోటీలూ పెట్టేవాడు. పిల్లకాయలకు ఎడమచేత్తో రాయడం నేర్పినట్టన్నమాట!

మొదటి వరుస

ఆ రోజుల్లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ముందు వరుసను 'పంచపాండవులు' అనేవారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే - ఈ అయిదుగురూ దక్షిణాదివారే కావడం విశేషం. వీరిలో వెంకటేశ్, అహ్మద్ ఖాన్, సాలే 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారత జట్టుకు ఆడారు. గోల్సు కొట్టే పని సాహు మేవాలాల్‌ది.

అప్పటి పద్ధతి ప్రకారం ముందు అయిదుగురు, వారి వెనుక ముగ్గురు, ఆ వెనుక ఇద్దరు. చాలామందికి బూట్లు లేవు. వట్టికాళ్ళతో బంతిని మెత్తగా పట్టి, ఒకరినుంచి ఒకరికి చిన్న చిన్న అందింపులతో, కుట్టుపని చేసినట్టు ముందుకు సాగేవారు. ఇండోనీషియా మీద 3-0, ఆఫ్ఘనిస్తాన్ మీద 3-0, ఫైనల్లో ఇరాన్ మీద 1-0. మేవాలాల్ కొట్టిన ఆ ఒక్క గోలుతో బంగారుపతకం మనదయింది.

మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్. అక్కడి చలికి వట్టికాళ్ళు ఎంతసేపు ఆగుతాయి? యుగోస్లావియా 10 గోల్స్ కొట్టింది. మనకు అహ్మద్ ఖాన్ కొట్టినది ఒక్కటి. మన కుట్టుపని పొడినేల మీదనే సాగుతుందని తేలిపోయింది. దారి మూసుకుపోయినప్పుడు ఆ వరుసకు రెండో దారి లేదు. ఆ పరాభవం తర్వాతనే బూట్లు తప్పనిసరి అయినాయి.

రెండో వరుస

1953 నవంబరులో హంగరీ జట్టు లండను వెంబ్లీకి వెళ్ళి, ఇంగ్లండును 6-3తో ఓడించింది. హంగరీ సెంటర్ ఫార్వర్డు హిడెకుటి ముందు నిలబడక వెనక్కి వెనక్కి తగ్గి ఆడాడు. అతన్ని కాపు కాయవలసినవాడికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి! అతని వెంట వెళితే కోటగోడకు కంత పడుతుంది. వెళ్ళకపోతే అతను తీరిగ్గా బంతి అందుకుని అందరికీ పంచుతాడు.

ఈ కిటుకును ఒంటబట్టించుకున్న కొద్దిమందిలో రహీం ఒకడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సుకు వెళ్ళినది పూర్తిగా వేరే జట్టు. కాళ్ళకు బూట్లున్నాయి. కుడివైపు పి.కె. బెనర్జీ వేగం ఉంది. ముందు వరుసలో ఒకరు వెనక్కి తగ్గి బంతి అందిస్తుంటే, ఆ ఖాళీలోకి నెవిల్ డిసౌజా దూసుకుపోయేవాడు. ఆస్ట్రేలియాను దాని గడ్డ మీదనే 4-2తో ఓడించారు. నెవిల్ మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్లో హాట్రిక్ చేసిన మొదటి ఆసియావాసి అతనే. నాలుగోది కృష్ణస్వామిది.

సెమీఫైనల్లో మళ్ళీ ఆ యుగోస్లావియాయే. ముందుగా గోలు కొట్టింది మనమే, అదీ నెవిల్! 10-1తో చితకబాదినవారి మీద నాలుగేళ్ళకు మనదే పైచేయి కావడం సామాన్యమా? కాని ఆ తర్వాత వరుసగా నాలుగు గోల్స్ మన వలలో పడినాయి. మూడోస్థానానికి జరిగిన పోటీలో బల్గేరియా 3-0తో గెలిచింది. వేసుకున్న పథకం బ్రహ్మాండమైనదే. అవతలివారు దాన్ని పసిగట్టాక ఇంకొకటి సిద్ధంగా లేదు.

మూడో వరుస

చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, తులసీదాస్ బలరాం - వీరిని త్రిమూర్తులనేవారు. బలరాం మన సికిందరాబాదు అమ్ముగూడ కుర్రాడు. 1960 రోమ్ ఒలింపిక్సులో ఇతను హంగరీ మీద, పెరూ మీద గోల్సు కొట్టాడు. ఫ్రాన్సుతో పి.కె. గోలు వల్ల 1-1గా నిలిచాం.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణకొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. తర్వాత థాయిలాండు మీద 4-1తో గెలిచాం గాని, డిఫెన్సులో పెట్టనికోట అయిన జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడినాయి. ఇంకొకరైతే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డుగా నిలబెట్టాడు! సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద చునీ రెండు, జర్నైల్ ఒకటి కొట్టగా 3-2తో గెలిచాం.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట అదే దక్షిణకొరియా. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ ఈ క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి జి.డి. సోంధి తప్పుపట్టినందుకు జకార్తా జనం మనమీద మండిపడుతున్నారు. మనవాళ్ళు బంతి తాకితే చాలు, స్టేడియమంతా గేలి. అంతటి హోరులో 17వ నిమిషంలో పి.కె., 20వ నిమిషంలో తలకు కుట్లతోనే జర్నైల్ గోల్సు కొట్టారు. కొరియా ఒక్కటి తీర్చుకోగలిగింది. 2-1. బంగారుపతకం.

వారం తిరిగాక నా తీర్పు చెప్పాను. చేతి ఒడుపులో - కాదు, కాలి ఒడుపులో - మొదటి వరుస. పన్నాగంలో రెండోది. కాని ముగ్గురిలో నా ఓటు మూడోదానికే. ఓడించినవాణ్ణే తిరిగి ఓడించిన వరుస అదొక్కటే. తన పథకం చెడిపోయినప్పుడు చేతిలో ఉన్న మనుషులతోనే కొత్త పథకం అల్లుకున్నది అదొక్కటే. ఆ తెలివి ఒక్కనాటిది కాదు; హెల్సింకీలో తిన్న దెబ్బ, మెల్బోర్న్‌లో తిన్న దెబ్బ కలిపి నేర్పిన పాఠం. పన్నెండేళ్ళు ఒకే గురువు ఉండబట్టి ఒకనాటి తప్పు మరునాటికి చదువయింది. ఛెత్రీ గోల్సు లెక్క గొప్పదే, ఎవరు కాదంటారు? కాని అది ఒక మనిషి లెక్క. ఇది ఒక వరుస లెక్క.

జకార్తా నాటికే రహీంగారి ఊపిరితిత్తులను కాన్సరు తినేస్తున్నది. 1963 జూన్ 11న కన్నుమూశాడు. ఆ ఏడే అనారోగ్యంతో బలరాం కూడా ఆట మానుకున్నాడు. 1970లో బాంకాక్‌లో కంచుపతకం వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు ఆ తర్వాత మరో పతకం రాలేదు. 2024లో రహీంగారి కథతో హిందీ సినిమా వచ్చేదాకా, ఆయన ఊళ్ళోనే ఆయన పేరు తెలియని పిల్లలు ఎందరో!

తీర్పు విని మామయ్య మీసం దువ్వుకున్నాడు. అబ్బాయి కాసేపు ఆలోచించి, "సరే తాతయ్యా, ఒప్పుకుంటాను. మరి రహీంగారి దగ్గర నేర్చుకున్న పంతుళ్ళు మన ఊళ్ళో ఎంతమంది మిగిలారు? వాళ్ళెవరికి నేర్పారు?" అని అడిగాడు.

అరవైఏళ్ళనాటి స్కోర్లు గడగడా అప్పజెప్పే మామయ్య, ఆ ప్రశ్నకు మాత్రం నావైపు చూశాడు. నేను కిటికీలోంచి ఎదురుగా ఉన్న ఖాళీస్థలం వైపు చూశాను. అక్కడ నలుగురు పిల్లలు వట్టికాళ్ళతో బంతి తన్నుకుంటున్నారు. నేర్పేవారు ఎవరూ లేరు.