వాడుకరి పేరు, ప్రొఫైలు బొమ్మ

వాడుకరి పేరు అనగా ఒక కంప్యూటరు వ్యవస్థలో గానీ, వెబ్‌సైటులో గానీ ఒక వ్యక్తిని తక్కినవారి నుండి వేరుపరచి గుర్తించే పేరు. దీనినే యూజర్‌నేమ్, సభ్యనామం, లాగిన్ పేరు అని కూడా అంటారు. ఆ పేరు పక్కన కనిపించే చిత్రాన్ని ప్రొఫైలు బొమ్మ అని, అవతారం అని, వాడుకలో డీపీ అని వ్యవహరిస్తారు. పెద్దలు పెట్టిన పేరు, పుట్టుకతో వచ్చిన ముఖం మనిషి తనకు తానుగా ఎంచుకున్నవి కావు. ఈ రెండూ మాత్రం సాధారణంగా వాడుకరి స్వయంగా ఎంచుకున్నవే. అందువలన వీటి వెనుక తరచు ఏదో ఒక కారణమో, జ్ఞాపకమో, సంఘటనో ఉంటుంది.

యంత్రానికి కావలసినది ఒక్కటే: ఒకే పేరు ఇద్దరికి ఉండరాదు. ఆ చిన్న సాంకేతిక అవసరం నుండి పుట్టిన ఈ ఏర్పాటు, కాలక్రమంలో ఒక మనిషి అసలు పేరు ఏది, దానిని నిర్ణయించే హక్కు ఎవరిది అనే వివాదానికి దారితీసింది.

రకాలు

చాలా వెబ్‌సైట్లలో ఒక వ్యక్తికి రెండు పేర్లు ఉంటాయి. మొదటిది వాడుకరి పేరు. ఇది ఆ వ్యవస్థ మొత్తంలో ఒక్కరికే చెందుతుంది. రెండవది ప్రదర్శన నామం. ఇది చదివేవారికి కనిపించే పేరు, ఎందరికైనా ఒకటే ఉండవచ్చు, సులభంగా మార్చుకోవచ్చు. ఉదాహరణకు 2019 మార్చిలో భారత ప్రధాని నరేంద్ర మోదీ, ఆయన పార్టీ నాయకులు, అభిమానులు ట్విట్టరులో తమ పేర్లకు ముందు "చౌకీదార్" అనే మాటను చేర్చుకున్నారు. ఎన్నికల ఫలితాలు వెలువడిన మే 23న మోదీ దానిని తొలగించారు. ఈ రెండు సందర్భాలలోనూ మారినది ప్రదర్శన నామమే గాని వాడుకరి పేరు కాదు.

అంతర్జాలానికి పూర్వం

దూరాన ఉన్నవారితో మాట్లాడేటప్పుడు వేరొక పేరు పెట్టుకొనే అలవాటు కంప్యూటర్ల కంటే పాతది. 19వ శతాబ్దపు టెలిగ్రాఫు ఉద్యోగులు ఒకటి రెండు అక్షరాల సొంత గుర్తులను వాడేవారు. హామ్ రేడియో నడిపేవారికి ప్రభుత్వమే ఒక సంకేతాన్ని కేటాయిస్తుంది. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ హామ్ సంకేతం వీయూ2ఆర్‌జీ. ఇందులో వీయూ భారతదేశానికి గుర్తు, చివరి రెండు అక్షరాలు ఆయన పేరులోని పొడి అక్షరాలు. 1970లలో అమెరికాలో లారీ డ్రైవర్లు సిటిజన్స్ బ్యాండ్ రేడియోలో ఎవరికి వారు పెట్టుకున్న మారుపేర్లను "హ్యాండిల్" అనేవారు. అప్పటి అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డ్ కూడా "ఫస్ట్ మామా" అనే హ్యాండిల్ తీసుకున్నారు. ఆ మాటే తరువాత అంతర్జాలంలోకి వచ్చింది.

తెలుగులో ఇటువంటి సంప్రదాయం కలం పేరు. శ్రీరంగం శ్రీనివాసరావు ఇంటిపేరులో ఒక "శ్రీ", పేరులో ఒక "శ్రీ" కలిసి శ్రీశ్రీ అయినది. భాగవతుల సదాశివ శంకర శాస్త్రి ఆరుద్రగాను, సత్తిరాజు లక్ష్మీనారాయణ బాపుగాను ప్రసిద్ధులు. బీనాదేవి అనేది ఒకరి పేరు కాదు, భార్యాభర్తలిద్దరి ఉమ్మడి కలం పేరు. వీరిని పాఠకులు కలం పేరుతోనే ఎరుగుదురు. ఆ పేరును ఎవరూ దొంగపేరు అనలేదు.

కంప్యూటర్లలో చరిత్ర

ఒకే కంప్యూటరును ఒకేసారి పలువురు వాడుకొనే పద్ధతిని 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ (ఎంఐటీ) ప్రదర్శించింది. ఎవరి ఫైళ్ళు వారికే దక్కాలంటే యంత్రం మనిషిని గుర్తుపట్టవలసి వచ్చింది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్ వ్యవస్థలో వాడుకరి పేరు చాలాకాలం 8 అక్షరాలకు మించరాదు. అందువలన ఆ తరం వారి పేర్లు చాలా పొట్టివి. యూనిక్స్ రూపకర్తలలో కెన్ థాంప్సన్ పేరు "కెన్", డెన్నిస్ రిచీ పేరు "డీఎమ్ఆర్". ఎంఐటీలో పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్‌ను నేటికీ సహచరులు ఆయన లాగిన్ పేరైన "ఆర్ఎమ్ఎస్" తోనే పిలుస్తారు.

1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు ఈ-మెయిలు పంపే పద్ధతిని రూపొందించి, వాడుకరి పేరుకు, కంప్యూటరు పేరుకు మధ్య @ గుర్తును ఉంచాడు. దీనితో ఒక పేరు ఒక యంత్రంలో ఒక్కరికే ఉంటే చాలునన్న ఏర్పాటు కుదిరింది. రెండు ఊళ్ళలో ఇద్దరు సుబ్బారావులు ఉన్నప్పుడు ఊరి పేరు కలిపి చెప్పుకోవడం వంటిదే ఇది.

కోట్లాది మంది ఒకే వెబ్‌సైటులో చేరిన తరువాత ఈ సౌలభ్యం పోయింది. ప్రపంచమంతా ఒకే ఊరైనప్పుడు ముందు వచ్చినవారికే పేరు దక్కుతుంది. ఫేస్‌బుక్ 2009 జూన్ 13న వాడుకరి పేర్లను ఈ పద్ధతిలోనే పంచింది. ఆలస్యంగా వచ్చినవారు పేరు చివర పుట్టిన సంవత్సరమో, బండి నంబరో, అదృష్ట సంఖ్యో చేర్చుకోవలసి వస్తుంది. వాడుకరి పేర్లలో కనిపించే అంకెలలో చాలావరకు ఇలా వచ్చినవే.

పేర్ల వెనుక కథలు

కొన్ని ప్రసిద్ధ వాడుకరి పేర్లు పుట్టిన విధానం ఈ క్రింది విధంగా ఉంది.

డెడ్‌మౌస్: కెనడాకు చెందిన సంగీతకారుడు జోయెల్ జిమ్మర్‌మన్ ఒకసారి తన కంప్యూటరును విప్పగా లోపల చచ్చిన ఎలుక కనిపించింది. ఆ సంగతి చెప్పగా ముచ్చట్ల గదిలోని మిత్రులు ఆయనను చచ్చిన ఎలుక మనిషి అనసాగారు. దానినే పేరుగా పెట్టుకోబోతే అక్షరాలు ఎక్కువయ్యాయి. అందువలన ఆయన స్పెల్లింగును కుదించి, చివరి ఎస్ అక్షరానికి బదులు 5 అంకెను ఉంచాడు. తరువాత ఎలుక తల ఆకారపు తొడుగు ఆయన కచేరీలకు గుర్తుగా మారింది.

ప్యూడీపై: స్వీడన్‌కు చెందిన ఫెలిక్స్ షెల్‌బెర్గ్ యూట్యూబులో మొదట "ప్యూడీ" అనే పేరుతో ఖాతా తెరిచాడు. దాని సంకేతపదం మరచిపోవడంతో 2010లో "పై" చేర్చి కొత్త ఖాతా తెరిచాడు. కోట్లాది చందాదారులు ఎరిగిన పేరు ఈ మతిమరపు ఫలితమే.

కాండర్: అమెరికన్ హ్యాకర్ కెవిన్ మిట్నిక్ (1963-2023) ఈ మారుపేరును 1975 నాటి "త్రీ డేస్ ఆఫ్ ది కాండర్" చిత్రం నుండి తీసుకున్నాడు. ప్రభుత్వ గూఢచారుల నుండి తప్పించుకు తిరిగే వ్యక్తి ఆ చిత్ర కథానాయకుడు. తరువాత మిట్నిక్ కూడా చాలాకాలం అజ్ఞాతంలో తిరిగి 1995 ఫిబ్రవరిలో పట్టుబడ్డాడు.

సతోషీ నకమోటో: 2008 అక్టోబరు 31న బిట్‌కాయిన్ పత్రాన్ని వెలువరించిన పేరు. ఈ పేరు వెనుక ఉన్నది ఒక వ్యక్తో, ఒక బృందమో నిర్ధారణ కాలేదు. రచన అందరికీ తెలిసి, రచయిత ఎవరికీ తెలియని స్థితికి ఇది ఉదాహరణ.

అవతారం

ప్రొఫైలు బొమ్మకు ఆంగ్లంలో వాడే "అవతార్" సంస్కృత పదమే. దేవుడు భూమి మీదికి దిగివచ్చి ధరించే రూపం అని దాని అర్థం. ఆటలోకి దిగిన మనిషి ధరించే రూపం అనే అర్థంలో ఈ మాట 1980లలో కంప్యూటరు ఆటలకు చేరింది. 1985లో వచ్చిన "అల్టిమా 4" ఆట పేరులో ఈ పదం ఉంది. ఆ తరువాత లూకాస్‌ఫిల్మ్ సంస్థ తయారుచేసిన "హ్యాబిటాట్" ఆటలో తెర మీద కదిలే పాత్రలను ఈ పేరుతో పిలిచారు. 1992లో వెలువడిన నీల్ స్టీఫెన్‌సన్ నవల "స్నో క్రాష్" దీనిని మరింత ప్రచారంలోకి తెచ్చింది.

బొమ్మ పెట్టుకోకపోవడం కూడా ఒక గుర్తే. ట్విట్టరు 2010 నుండి బొమ్మ లేని ఖాతాలకు గుడ్డు బొమ్మను చూపేది. ఇతరులను వేధించే అనామక ఖాతాలకు అది మారుపేరు కావడంతో 2017 మార్చిలో దానిని తొలగించింది.

ఒకే బొమ్మను ఎందరో ఒకేసారి పెట్టుకోవడం సామూహిక ప్రకటనగా మారింది. 2022 ఆగస్టులో స్వాతంత్ర్య అమృతోత్సవాల సందర్భంగా భారతదేశంలో అనేకులు మువ్వన్నెల జెండాను పెట్టుకున్నారు.

భారతదేశంలో చాలామంది స్త్రీలు తమ ఫొటోకు బదులు పువ్వునో, దేవుని పటాన్నో, సినీతార చిత్రాన్నో, పసిపిల్లల బొమ్మనో ఉంచుతారు. దీనికి అభిరుచి ఒక్కటే కారణం కాదు. ఫొటోను ఎవరైనా దింపుకొని దుర్వినియోగం చేస్తారన్న భయం ఉన్నట్లు గుర్తించిన ఫేస్‌బుక్, 2017 జూన్‌లో ప్రొఫైలు బొమ్మకు రక్షణ కవచాన్ని భారతదేశంలో ప్రవేశపెట్టింది.

తెలుగు పేర్లు

తెలుగువారిలో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత వస్తాయి. ఇంటిపేరును తరచు ఒక్క అక్షరానికి కుదించి రాస్తారు. మొదటి పేరు, చివరి పేరు అని వేరువేరుగా అడిగే పాశ్చాత్య పద్ధతి ఫారాలలో ఈ క్రమం తలక్రిందులవుతుంది. విదేశాలలో స్థిరపడిన తెలుగువారిలో పాస్‌పోర్టులోని క్రమం వలన తోటి ఉద్యోగులచేత ఇంటిపేరుతో పిలిపించుకొనేవారు ఉన్నారు. వాడుకరి పేరు ఎంచుకొనేటప్పుడు మాత్రం ఎవరైనా తమకు నచ్చిన క్రమాన్ని పాటించవచ్చు.

తెలుగు పేర్లను ఆంగ్ల అక్షరాలలో రాయడానికి ఒకే పద్ధతి లేదు. లక్ష్మి అనే పేరులోని "క్ష"ను మూడు అక్షరాలతోనూ, ఒక్క ఎక్స్ అక్షరంతోనూ రాయవచ్చు. పేరు అప్పటికే వేరొకరికి దక్కినప్పుడు ఈ వైవిధ్యం అక్కరకు వస్తుంది.

వికీపీడియాలో తెలుగు లిపిలోనే వాడుకరి పేరు నమోదు చేసుకోవచ్చు. ఒక్కొక్క భాషకు వేరుగా ఉన్న ఖాతాలను 2015 ఏప్రిల్‌లో ప్రపంచమంతటికీ ఒకటిగా కలిపారు. అప్పుడు ఒకే పేరు వేరే భాషలో వేరొకరికి ఉన్నట్లయితే, వారిలో ఒకరికే ఆ పేరు మిగిలింది. రెండవవారి పేరు చివర వారి వికీని సూచించే తోక చేరింది.

అసలు పేరు వివాదం

కొన్ని సంస్థలు అసలు పేరుతోనే ఖాతా ఉండాలని నియమం విధించాయి. మారుపేరు లేకపోతే దూషణలు, మోసాలు తగ్గుతాయని వాటి వాదన. 2011లో మొదలైన గూగుల్ ప్లస్ ఇటువంటి నియమంతో విమర్శలకు గురై 2014 జూలైలో దానిని విరమించుకుంది. దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లలో గుర్తింపు ధ్రువీకరణను చట్టం ద్వారా తప్పనిసరి చేయగా, 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దానిని కొట్టివేసింది.

2011 నవంబరులో రచయిత సల్మాన్ రష్దీ ఖాతాను ఫేస్‌బుక్ నిలిపివేసింది. ఆయన పాస్‌పోర్టును పంపగా, అందులో మొదట ఉన్న "అహ్మద్" అనే పేరుతో ఖాతాను తిరిగి తెరిచింది. ఆయనను ఆ పేరుతో పిలిచేవారు లేరు. ఆయన ట్విట్టరులో నిరసన తెలిపిన తరువాత సల్మాన్ అనే పేరును తిరిగి ఇచ్చింది. పత్రాలలో ఉన్న పేరు, లోకం పిలిచే పేరు ఒకటి కాకపోవడం భారతీయులకు కొత్త కాదు.

కొన్ని చోట్ల మారుపేరు ప్రాణరక్షణ. 2010 జూన్‌లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఖాలిద్ సయీద్ అనే యువకుడు పోలీసుల చేతిలో మరణించాడు. "మేమంతా ఖాలిద్ సయీద్" అనే ఫేస్‌బుక్ పేజీని వాయెల్ గోనిమ్ మారుపేరుతో నడిపాడు. నిర్వాహకుడు అసలు పేరు వాడలేదన్న కారణంతో ఆ పేజీ 2010 నవంబరులో కొంతసేపు మూతపడింది. 2011 జనవరి నాటి ఉద్యమానికి పిలుపునిచ్చిన వాటిలో ఆ పేజీ ముఖ్యమైనది. గోనిమ్ ఆ నెలలోనే నిర్బంధానికి గురయ్యాడు. పేజీ నడిపినది ఆయనే అన్న సంగతి ఆ సమయంలోనే లోకానికి తెలిసింది.

మారుపేరు పెట్టుకోవడం వేరు, ఇతరుల పేరు పెట్టుకొని మోసగించడం వేరు. కంప్యూటరు ద్వారా మరొకరిగా నటించి మోసగించడం భారత సమాచార సాంకేతిక చట్టంలోని 66డి సెక్షను ప్రకారం నేరం. దీనికి మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

మరణం తరువాత

వాడుకరి మరణించినా పేరు, బొమ్మ మిగిలిపోతాయి. నార్వేకు చెందిన మాట్స్ స్టేన్ కండరాల క్షీణత వ్యాధితో 2014 నవంబరులో 25 ఏళ్ళ వయసులో మరణించాడు. చక్రాల కుర్చీకి పరిమితమై, ఎక్కువ సమయం కంప్యూటరు ఆటలతో గడిపిన తమ కుమారునికి స్నేహితులే లేరని తల్లిదండ్రులు భావించారు. అతని బ్లాగులో మరణవార్త ఉంచి, తమ ఈ-మెయిలు చిరునామా ఇచ్చారు. దానికి వివిధ దేశాల నుండి ఉత్తరాలు వచ్చాయి. "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" ఆటలో అతడు "ఐబెలిన్" అనే పేరుతో నడిచేవాడు, పరిగెత్తేవాడు, తోటివారి కష్టసుఖాలు వినేవాడు. ఉత్తరాలు రాసినవారికి అతడు ఐబెలిన్‌గానే ఆప్తుడు. వారిలో కొందరు అంత్యక్రియలకు కూడా వచ్చారు. అతని జీవితం ఆధారంగా బెంజమిన్ రీ దర్శకత్వంలో తీసిన డాక్యుమెంటరీ చిత్రం 2024లో విడుదలైంది. ఆ చిత్రం ఆంగ్ల శీర్షికలో ఉన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, అతడు ఆటలో పెట్టుకున్న పేరు.