నర్సు వ్రాత

హైదరుగూడలో అపోలో ఆసుపత్రియు, చేరువనే కింగుకోఠిలో ప్రభుత్వాసుపత్రియు నున్నవి. ఈ పేటల గృహిణులలో, ఎన్నడో యొకనాడు రోగి మంచముచెంత రాత్రి గడపనివారు అరుదు. నర్సు చేతిలోని కేసుషీటును మనమందఱము చూచియేయుందుము; దాని విలువ నెఱిగినవారు కొలదిమంది.

జ్వరమెంత, నాడి యెట్లున్నది, త్రాగిన నీరెంత, వెడలిన మూత్రమెంత, ఏ మందు ఏ గంటకిచ్చిరి - ఇవన్నియు నందులోని కెక్కవలెను. పగటి నర్సు ఇంటికేగిన పిమ్మట రాత్రి నర్సునకు ఆ వ్రాతయే కన్ను. ఎనిమిది గంటలకిచ్చిన మందు వ్రాయబడనిచో, తొమ్మిదింటికి మఱల నీయబడవచ్చును. ఇన్సులిను వంటిది రెండుమాఱులు పడిన నెంత ప్రమాదమో వేఱుగ చెప్పనేల?

1854లో స్కుటారి సైనికాసుపత్రికేగిన ఫ్లారెన్సు నైటింగేలు, అచ్చట మరణముల లెక్కయైనను సరిగా లేకుండుట గాంచెను. రోగిని శ్రద్ధగా గమనించి, గమనించినదానిని తప్పులేక తెలుపుట నర్సువిద్యకు ముఖ్యమని 1859లో ప్రకటించిన గ్రంథమున నామె బోధించెను.

అట్లయిన వ్రాత యేల కొఱవడుచున్నది? సోమరితనమని తొందరపడి నిందింపరాదు. మొదటి కారణము మనుష్యులు చాలకుండుట. సాధారణ వార్డులలో, బోధనాసుపత్రియందు ముగ్గురు రోగులకు, తక్కినచోట్ల నైదుగురికి ఒక నర్సుండవలెనని భారత నర్సింగు కౌన్సిలు ప్రమాణము. అంతకు మించి రోగులు ఒక్కతెపై బడినప్పుడు చేతులు సేవయందే యుండును. వ్రాత డ్యూటీ తుదకు జరుగును. అప్పుడు జ్ఞాపకమునుండి వ్రాయబోగా సగము జారిపోవును. రెండవది, ఒకే సంగతిని పలు పుస్తకములలో నెక్కింపవలసివచ్చుట. మూడవది, రోగి తెలుగుననో ఉర్దూననో చెప్పుకొన్న బాధను ఇంగ్లీషున వ్రాయవలసియుండుట. నాల్గవది భయము. తప్పు జరిగినప్పుడే కాగితము తీసి గద్దించుచోట, తక్కువ వ్రాయుటయే క్షేమమని తోచును. వ్రాసినది చదివి, లోపము దిద్ది, మంచిని మెచ్చుకొను పెద్దనర్సున్నచోట వ్రాత చక్కబడును.

సోదరీమణులారా, ఇందు మన బాధ్యతయు గలదు. నర్సు వ్రాసికొనుచుండగా చిన్నపనులకు పిలువకుందము. రోగి యేమి తినెనో, ఎప్పుడు వాంతిచేసికొనెనో గంటతోసహా చెప్పుదము. “సిస్టరుగారూ, ఇప్పటి మందు వ్రాసికొంటిరా?” యని మెల్లగా నడుగుట తప్పుగాదు. 2002 నాటి వైద్యుల నియమావళి ననుసరించి, రోగిగాని, అతడు అధికారమిచ్చినవారుగాని కోరినచో, 72 గంటలలో రికార్డుల నీయవలెను. ఇల్లు చేరినపిమ్మట వేఱొక వైద్యునకు ఆ కాగితములే దారి చూపును.

పాలలెక్కను, చాకలిపద్దును మఱవక వ్రాసికొను మనకు, ప్రాణముల పద్దు వ్రాయు చేతి కష్టము తెలియకపోదు. ఆ చేతికి కొంత తీరిక నిచ్చుట మన రోగికి మనము చేయు సేవయే యగును.