ఇంటికొక ప్రింటరు కావలెనా?

గోదావరి యొడ్డున నున్న లక్సెట్టిపేటలో ఒక ఉపాధ్యాయుని యిల్లు ఊహించుకొందము. రాత్రి తొమ్మిది దాటినది. తెల్లవారినచో కూతురికి పరీక్ష. "బాపూ, హాల్ టికెట్ తీసుకొచ్చినవా?" అని పిల్ల అడిగిన వెంటనే తండ్రికి గుండె ఝల్లుమన్నది. హాల్ టికెట్ ఫోనులో నున్నది; కాగితముపై లేదు. బజారులో జిరాక్సు దుకాణములన్నియు మూతపడినవి. ఆ రాత్రియే ఆయన నిశ్చయించుకొనును: "ఇంట్లనే ఒక ప్రింటర్ ఉండాలె."

ఆ వారమే మంచిర్యాలకు పోయి, అన్నింటికంటె చవకయైన రంగుల ప్రింటరు తెచ్చును. మొదటి నెల పిల్లలకు పండుగ. ఆ పిమ్మట దానిపై గుడ్డ కప్పుదురు. వేసవి సెలవులు గడచి, జూనులో బడి తెరచినప్పుడు ఒక ప్రశ్నపత్రము తీయబోగా, అక్షరముల నడుమ తెల్లని చారలు కానవచ్చును. క్రొత్త సిరాడబ్బీల వెల అడిగినచో అది యంత్రపు వెలతో పోటీపడుచున్నట్లుండును. పావలా కోడికి ముప్పావలా మసాలా యన్న సామెత అప్పుడు గుర్తుకు రాక మానదు.

ఇంతకు లోపమెక్కడ? యంత్రము చెడ్డది కాదు. ఆ యింటి అవసరమునకు తగినది కాదు, అంతియే. సిరాను చిమ్మి అచ్చువేయు యంత్రమును ఇంక్‌జెట్ అందురు. 1977లో జపానులోని కానన్ సంస్థ పరిశోధనశాలలో, సిరా నింపిన సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ ఐరన్ తగులగా సిరా బిందువులుగా చిమ్మినది. ఆ చిన్న సంఘటన నుండియే వేడితో సిరా చిమ్ము పద్ధతి ఆ సంస్థలో రూపుదిద్దుకొన్నది. ఇంక్‌జెట్ యంత్రములో సిరా వెలువడు రంధ్రములు తల వెండ్రుక కంటెను సన్ననివి. నెలల తరబడి కదలిక లేక, ఉత్తర తెలంగాణపు మే నెల యెండలలో పడియుండినచో వాటిలో సిరా గడ్డకట్టుట వింత కాదు. వాటిని శుభ్రపరచుకొనుటకు యంత్రము తన సిరానే ఖర్చుచేయును. కావున అచ్చువేయకున్నను డబ్బీ తరుగుచునే యుండును.

దీనికి మందు, లక్సెట్టిపేట బజారులో దుకాణపు బోర్డుపై నున్న మాటలోనే దాగియున్నది. జిరాక్సు అను పేరు గ్రీకు భాషలో "పొడి" యను నర్థమిచ్చు మాట నుండి పుట్టినది. 1938 అక్టోబరు 22న న్యూయార్కు నగరములోని అస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్, తన సహాయకుడగు ఒట్టో కోర్నైతో కలిసి, గంధకము పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది విద్యుదావేశము కలిగించెను. దానిపై అక్షరముల నీడ పడునట్లు వెలుగు ప్రసరింపజేసి, సన్నని పొడి చల్లగా, అక్షరములున్న చోటనే పొడి అంటుకొన్నది. తడి సిరా లేని వ్రాత అది! 1959లో వెలువడిన జిరాక్స్ 914 యంత్రము ఆ విద్యను కార్యాలయములకు చేర్చినది. 1971లో గారీ స్టార్క్‌వెదర్ ఆ పద్ధతికి లేజరు కిరణమును జతపరచి లేజర్ ప్రింటరును నిర్మించెను. విద్యుదావేశమును గూర్చి పాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు.

పొడికి ఎండిపోవు భయము లేదు. ఆరు నెలలు మూలపడియున్న లేజర్ ప్రింటరు కూడ మీట నొక్కగనే పని చేయుటకు కారణమిదియే. ఎప్పుడో ఒకసారి పది పుటలు కావలసిన యింటికి నలుపు తెలుపుల లేజర్ యంత్రమే మేలు. అయితే, పొడిని కాగితమునకు కరిగించి యతికించుటకు అది హఠాత్తుగా హెచ్చు విద్యుత్తును లాగును గనుక, ఇంటి ఇన్వర్టరుకు తగిలింపరాదు. కొన్ని యంత్రములతో వచ్చు మొదటి డబ్బీలో పొడి తక్కువగా నుండును. పెట్టెపై వ్రాసిన పుటల సంఖ్యయు, పుటలో నూటికి ఐదు వంతులు మాత్రమే నల్లబడునను లెక్కపై కట్టినది. కావున కొనుటకు ముందే తరువాతి డబ్బీ వెల అడిగి తెలిసికొనవలెను. వానకాలములో తేమ పీల్చిన కాగితము యంత్రములో చిక్కుకొనును. కట్టను మూసియుంచుట మంచిది.

వారము వారము రంగుల పటములు తీయు ఉపాధ్యాయునకు సిరాతొట్టి గల యంత్రము చవకగా పడును. ఆయన వారమున కొక రంగుల పుటయైన తీయుచుండవలెను. యంత్రమును గోడ మీటతో గాక దాని సొంత మీటతోనే ఆర్పవలెను. అట్లు చేసిననే సిరా రంధ్రములకు మూత పడును.

ఇక అసలు ప్రశ్న. నెలకు పది పుటలనుకొన్నచో ఐదేండ్లకు ఆరు వందల పుటలు. యంత్రమునకు పండ్రెండు వేల రూపాయలనుకొన్నచో పుటకు ఇరువది రూపాయలు. ఇందులో పొడి ఖర్చు చేరలేదు. దుకాణములో పుటకు ఐదు రూపాయలిచ్చినను మొత్తము మూడువేలే. లెక్కను బట్టి చూచినచో దుకాణమే గెలుచును. అయితే అక్కడను జాగ్రత్త అవసరము. ప్రశ్నపత్రమును ఇంటియందే పీడీఎఫ్‌గా మార్చి కొనిపోయినచో తెలుగు అక్షరములు చెదరవు. ఆధార్ ప్రతి యిచ్చునప్పుడు, అంగీకరించు చోట్ల, మొదటి ఎనిమిది అంకెలు మరుగుపరచిన దానిని వాడవచ్చును. పని ముగిసిన పిదప "అన్నా, ఆ ఫైలు తీసెయ్యి" అని దుకాణదారుతో చెప్పి, తుడిపివేయించుటకు మొగమాటపడరాదు.

కొనవలెనా, మానవలెనా యన్నది ఒక నెల పాటు గోడ క్యాలెండరుపై వ్రాసికొన్న లెక్క తేల్చగలదు: ఎన్ని పుటలు కావలసినవి, ఎన్నిమారులు దుకాణము మూసియున్నది? రంగులు, వెల, ఆడంబరము చూచి యంత్రమును కొనువారు అది పని చేయు దినమును మాత్రమే తలచుదురు. ఇంట నది ఊరక కూర్చుండు దినములే యెక్కువ. ఆ దినములకు తగిన యంత్రమును ఎన్నుకొన్నవాని కూతురు, పరీక్ష ముందటి రాత్రి నిశ్చింతగా నిద్రించును. యంత్రమే కొననివాడు హాల్ టికెట్‌ను రెండు దినముల ముందే బజారులో తీయించినను, ఆ పిల్లకు అదే నిద్ర దక్కును.