ఎత్తినహొళె నీళ్లు, మన చెరువులు

చిత్రావతి, పాపఘ్ని మన నంది కొండల చాయల్లోనే పుట్టినా, చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఏడాది పొడవునా పారే ఏరు లేదు. బోర్లు లోతుకు దిగేకొద్దీ ఫ్లోరైడ్ బాధ. అందుకే సకలేశపురం దగ్గర పడమటికి పారే వాగుల వాననీటిని మోటార్లతో ఎత్తి ఇటు మళ్లించే ఎత్తినహొళె పథకం మీద అందరికీ ఆశ. 2014లో చిక్కబళ్లాపురంలో శంకుస్థాపన జరిగింది, 2024లో మొదటి దశ ప్రారంభమైంది.

ప్రభుత్వ లెక్క 24 టీఎంసీలు. ఆ వాగుల్లో పదికి మించి దొరకవని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకుల అంచనా. ఏడు జిల్లాల వరుసలో మనమూ, కోలారువారూ చివరన ఉన్నామండీ!

మరి 2021 నవంబరులో? ఇక్కడి చెరువులే అలుగులు పారాయి, చిత్రావతి పొంగి ఆంధ్రకు పోయింది. వచ్చేది ఏ నీరైనా నిలవవలసింది చెరువులోనే. వానలకు ముందు మీ ఊరి చెరువు తూము, కట్ట, పైనుంచి నీరొచ్చే కాలువ చూసి రండి. ఆ కాలువను ఎవరి పొలం మింగిందో మీకే తెలుసు.