మీకు తెలుసా? 4,500 మందికి చోటు, 40,000 మంది జనం

మలేసియాలోని తెరెంగాను తీరానికి ఎదురుగా పులావ్ బిడాంగ్ అనే చిన్న దీవి ఉంది. 1978 ఆగస్టు 8న దాన్ని వియత్నాం శరణార్థుల శిబిరంగా తెరిచారు. అక్కడ పట్టేది 4,500 మందే అన్నారు. ఏడాది తిరక్కుండానే, 1979 జూన్ నాటికి, సుమారు 40,000 మంది చేరారు!

ఇసుక వేస్తే రాలని ఆ జాగాలో చెట్లు కొట్టి, తాము వచ్చిన పడవల చెక్కలే ఊడదీసి, పైన ప్లాస్టిక్ పట్టాలు కప్పి రెండు మూడు అంతస్తుల గుడిసెలు లేపారు. తిండి సముద్రం దాటి రావలసిందే. అయినా బడి, ఆసుపత్రి, గుడి, చర్చి, దుకాణాలు వెలిశాయి. శిబిరం అనడం కన్నా ఊరు అనడమే సబబు.

1979 జూలైలో ఈ శరణార్థుల విషయమై జెనీవాలో జరిగిన సమావేశంలో మరింత మందికి చోటిస్తామని పలు దేశాలు ఒప్పుకున్నాక రద్దీ తగ్గుముఖం పట్టింది. 1991 అక్టోబరు 30న శిబిరం మూతపడింది. అప్పటిదాకా అక్కడ తలదాచుకున్నవారు దాదాపు 2,50,000 మంది.